వచ్చే మహమ్మారికి పెడసరపు సలహాలు

ఏఎన్‌ఎంలకు, ఆశాలకు, స్టాఫ్ నర్సులకు, హెల్త్ సూపర్‌వైజర్లకు, పీహెచ్‌సీలో కొత్తగా చేరిన మెడికల్ ఆఫీసర్లకు ఇది రాస్తున్నాను. మహమ్మారి వస్తే ఏం చేయాలో చెప్పే సర్క్యులర్లు మీ బీరువాలో కట్టలు కట్టలుగా ఉన్నాయి. మాస్కులు పొదుపుగా వాడండి, పైనుంచి ఆదేశం వచ్చేదాకా ఆగండి, ఖాయంగా తేలందే జబ్బు మాట ఎత్తకండి, ఎంత కష్టమైనా డ్యూటీ మానకండి. వాటిలో ఉండేది ఇదే. నా సలహాలు వాటికి ఎదురు నడుస్తాయి. నెలవారీ సమీక్షలో చదివితే ఇదేం పెడసరమని కసురుకునేవాళ్లు ఉంటారు. కసురుకోనివ్వండి. ఇందులో ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను.

లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, ఏజెన్సీలో 20 వేలకు ఒకటి. 5 వేల మందికి ఒక సబ్‌సెంటర్, కొండ ప్రాంతంలో 3 వేలకు. వెయ్యి మందికి ఒక ఆశా. 2020 మార్చి 2న హైదరాబాద్‌లో, 12న నెల్లూరులో తొలి కరోనా కేసులు తేలాక కెమెరాలన్నీ పెద్దాసుపత్రుల గేట్ల దగ్గర నిలబడ్డాయి. ఎవరు దుబాయ్ నుంచి వచ్చారు, ఎవరింట్లో దగ్గుంది, ఏ ముసలాయనకు ఆయాసం పెరిగింది అని ఎండలో తలుపులు తట్టి అడిగింది మాత్రం ఈ వెయ్యికొకరే. 2021 మేలో తెలంగాణలో జ్వర సర్వే పెట్టి, ఇంటి గుమ్మంలోనే మందుల కిట్లు ఇప్పించినప్పుడూ వీళ్లే తిరిగారు.

గోదాములో సరుకుంటే సిద్ధంగా ఉన్నట్టేనని అధికారులు అనుకుంటారు. ఆ వెయ్యి మందిని చూసుకునే మనిషికి "ఇది కొత్తగా ఉంది", "ఇది నేను చేయను", "ఇది ఆపండి" అనే హక్కు ఉందా లేదా అన్నది నేను చూస్తాను. ఆ హక్కు లేని చోట ఎన్ని కిట్లున్నా అది సిద్ధపడడం కిందికి రాదు. కింద రాసినవన్నీ ఆ హక్కు చేతికి తెచ్చుకునే దారులు.

మాస్కులు పొదుపు చేయకండి

స్టోరు రూములో పై అరలో ఉన్న ఎన్‌95 మాస్కుల పెట్టె దింపండి. దాని మీద గడువు తేదీ చూడండి. ఒక మాస్కు తీసి రెండు పట్టీలూ లాగండి. చాలా కాలం వేడిలో మగ్గిన పట్టీకి సాగే గుణం పోతుంది. కొన్ని చేతిలోనే తెగిపోతాయి, కొన్ని సాగి అలాగే ఉండిపోతాయి. స్టాకు రిజిస్టర్‌లో ఆ పెట్టె నిండుగానే ఉంటుంది. మహమ్మారి వచ్చిన రోజు మీ ముఖం మీద మాత్రం నిలవదు.

అందుకే పట్టీ గట్టిగా ఉన్నవాటిని ఇవాళే వాడడం మొదలుపెట్టండి. టీబీ అనుమానం ఉన్న మనిషి తెమడ డబ్బా తీసుకునేటప్పుడు వాడండి. తెగ దగ్గుతున్న పిల్లవాడిని చూసేటప్పుడు వాడండి. ముందొచ్చిన పెట్టె ముందు ఖర్చు పెట్టండి, రిజిస్టర్‌లో రాయండి, అయిపోగానే మళ్లీ ఇండెంట్ పెట్టండి. ఇన్ని ఎందుకు ఖర్చయ్యాయని ఫార్మసిస్టును పైవాళ్లు అడుగుతారు. టీబీ రోగుల జాబితా చూపించండి. దాచిన మాస్కు గురించి ఎవరూ సంజాయిషీ అడగరు, వాడిన దాని గురించి అడుగుతారు. మన వ్యవస్థలో ఉన్న పెద్ద రోగం ఇదే.

వాడితే ఇంకో లాభం ఉంది. మాస్కు పెట్టుకోవడం కంటితో చూసి నేర్చుకునే పని కాదు, ముఖానికి తెలియాలి. రెండు అరచేతులూ దాని మీద ఆనించి గట్టిగా ఊపిరి వదలండి. ముక్కు దగ్గర కళ్లలోకి గాలి కొడితే పైనున్న రేకు ఇంకా నొక్కుకోవాలి. బుగ్గల పక్క నుంచి గాలి పోతే పట్టీలు సరిచేసుకోవాలి. గడ్డం ఉన్నవాళ్లకు అది అతుక్కోదు, ఆ మాట మొహమాటపడకుండా చెప్పాలి. ఇదంతా ఒంటికి పట్టాలంటే నెలల తరబడి వాడకం కావాలి. దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో తేలింది హైదరాబాద్‌లోనే. పదకొండేళ్ల తర్వాత కరోనా వచ్చే నాటికి మళ్లీ మాస్కు ఎలా పెట్టుకోవాలి, ఎలా తీయాలి అని వీడియోలు పంపించి నేర్పాల్సి వచ్చింది. మధ్యలో ఆ అలవాటును నిలబెట్టే పని ఎవరికీ అప్పగించలేదు.

పరిగెత్తకండి

ఆటో వచ్చి ఆగుతుంది. లోపల ఒక మనిషి ఎగశ్వాసతో ఉంటాడు. వెంట వచ్చినవాళ్లు అరుస్తుంటారు. నర్సుగా బతికినవాళ్లకు కాళ్లు వాటంతటవే ఆటో వైపు పోతాయి. పోనివ్వకండి. లోపలికి వెళ్లి మాస్కు, తొడుగులు, కళ్లద్దాలు, గౌను వేసుకుని రండి. ఆ రెండు మూడు నిమిషాలు మీకు రాయి గుండె ఉందని తిడతారు. తిట్టనివ్వండి.

ఇది కఠినమైన సలహా అని తెలుసు. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు మామూలు పెద్దవాళ్లతో పోలిస్తే ఆరోగ్య సిబ్బందికి ఆ జబ్బు సోకే ముప్పు 21 నుంచి 32 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. అసలే డాక్టర్లు, నర్సులు తక్కువున్న లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలు ఉన్నవాళ్లలోనూ ఎందరినో పోగొట్టుకున్నాయి. వాళ్లు లేక ఆ తర్వాత కాన్పులు, మలేరియా, తట్టు చూసే దిక్కు తగ్గిపోయింది. అంత దూరం వద్దు. 2018 మేలో కేరళ కోజికోడ్ జిల్లాలో నిఫా వచ్చింది. పెరంబ్ర తాలూకా ఆసుపత్రిలో తొలి రోగికి సేవ చేసిన నర్సు లినీ పుతుస్సేరి ఆ జబ్బుతోనే మే 21న చనిపోయింది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి. ఆమె చూసిన రోగికి ఏ జబ్బో అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకే జబ్బు పేరు తెలిశాక జాగ్రత్తపడతామంటే కుదరదు. ఊపిరాడని ప్రతి కొత్త రోగి దగ్గరా, తెలిసిన జబ్బయినా సరే, అదే వరుస పాటించాలి.

వేసుకోవడం కంటే విప్పడంలో ప్రమాదం ఎక్కువ. పన్నెండు గంటల డ్యూటీ తర్వాత ఒళ్లంతా చెమటతో, దాహంతో, సబ్‌సెంటర్ వెనక కుళాయి దగ్గర ఒంటరిగా నిలబడి కిట్టు విప్పే మనిషిని ఒకసారి ఊహించుకోండి. మొదట చేయి వెళ్లేది మాస్కు మీదికే. ఊపిరి ఆడడం లేదు కాబట్టి. ఆ చేతికి ఇంకా రోగి గదిలోని తొడుగే ఉంటుంది. తొడుగులు లోపలివైపు బయటికి వచ్చేలా వలిచి పారేయాలి, చేతులు శుభ్రం చేసుకోవాలి. గౌను ముందువైపు తాకకుండా మడత చుట్టుకుంటూ తీయాలి. కళ్లద్దాలు వెనక పట్టీ పట్టుకుని తీయాలి. మాస్కు అన్నిటికంటే చివర, పట్టీలతోనే. తర్వాత మళ్లీ చేతులు. అలసిన మనిషికి ఈ వరుస గుర్తుండదు. కాబట్టి ఒంటరిగా విప్పకండి. ఎదురుగా ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ గట్టిగా చదవాలి. స్వీపరైనా సరే, అటెండరైనా సరే, వాళ్లకు ఆ వరుస నేర్పండి, మీరు తప్పితే ఆపే అధికారం ఇవ్వండి. మెడికల్ ఆఫీసర్‌ను అటెండర్ "ఆగండి సార్, చేతులు కడగలేదు" అనగలిగితే ఆ పీహెచ్‌సీ సిద్ధంగా ఉందని నేను ఒప్పుకుంటాను.

"తెలియదు" అని రాయండి

జబ్బుల నిఘా కోసం 2004లో ఐడీఎస్‌పీ మొదలైంది. ఏఎన్‌ఎం నింపేది ఎస్ ఫారం, డాక్టర్ నింపేది పీ ఫారం, ల్యాబ్ నింపేది ఎల్ ఫారం. 2021 ఏప్రిల్ నుంచి ఇదంతా ఐహెచ్‌ఐపీ పేరుతో ఆన్‌లైన్‌లోకి వచ్చింది. యంత్రాంగం బాగుంది. దానికి మేత వేసేది మాత్రం జ్వరం ఎన్ని, విరేచనాలు ఎన్ని అని గడిలో అంకె వేసే చేయి. ఆ చేతికి ఒక భయం ఉంది. సున్నా రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ఏదైనా ఎక్కువ రాస్తే ఫోన్ వస్తుంది, "అంత ఎందుకొచ్చింది? నీ ఏరియాలోనే ఎందుకు?" అని. అలా రెండుసార్లు అడిగించుకున్న ఏఎన్‌ఎం మూడోసారి ఏం రాస్తుందో మీకు తెలుసు.

నా సలహా: ఖాయం చేసుకోకుండా రాయండి. అనుమానం మీద రాయండి. జబ్బు పేరు తెలియకపోతే తెలియదనే రాయండి. పేరు కనిపెట్టడం పుణెలోని వైరస్ పరీక్షల ల్యాబు పని. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకేలాంటి వింత జబ్బు, ఒకే వీధిలో పెద్దవాళ్లు వరసగా పోవడం, కోళ్లు చచ్చిన పది రోజులకు వాటిని పెంచిన మనిషికి జ్వరం. ఇలాంటివి మొదట కనబడేది మీకే. కోజికోడ్ నిఫాలో తొలి రోగి ఏ జబ్బుతో పోయాడో తెలియకుండానే పోయాడు. అదే ఇంట్లో రెండో మనిషి మంచం పట్టాక ఒక ప్రైవేటు ఆసుపత్రి డాక్టర్లు ఇది మామూలు మెదడువాపు కాదని అనుమానించి నమూనాలు పంపారు. అప్పటికే మొదటి రోగి ఉన్న వార్డుల్లో అది పాకిపోయింది. ఆ వేసవిలో 17 మంది చనిపోయారు. మరుసటి ఏడు ఎర్నాకుళంలో నిఫా వచ్చినప్పుడు ఒక్క యువకుడితోనే ఆగిపోయింది, అతనూ బతికాడు. అనుమానించడం నేర్చుకున్న యంత్రాంగం అది.

మన ఏలూరు సంగతి గుర్తుండే ఉంటుంది. 2020 డిసెంబర్ మొదటి వారాంతంలో వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి పడిపోయారు, మూర్ఛలొచ్చాయి. 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. అది కరోనా కాదు, అంటురోగమే కాదు. తర్వాత పరీక్షల్లో రక్తంలో సీసం, పురుగుమందుల ఆనవాళ్ల మాట వచ్చింది. మొదటి రోజు అక్కడున్న సిబ్బందికి అదేమిటో తెలియదు. తెలియని రోజున పనికొచ్చేది జబ్బు పేరు కాదు. ఏ వీధి, ఏ వయసు, ఏ నీళ్లు, ఎన్నింటికి మొదలైంది అన్న నాలుగు వివరాలు. మీ డైరీలో ఆ నాలుగూ రాసే అలవాటు ఇప్పటి నుంచే చేసుకోండి.

అధికారులకూ ఒక మాట. అనుమానంతో రాసింది తర్వాత ఉత్తదని తేలితే ఆ ఏఎన్‌ఎంను మెచ్చుకోండి. ఎస్ ఫారాల్లో ఏడాది పొడవునా సున్నాలు పంపిన సబ్‌సెంటర్‌కు స్వయంగా వెళ్లి రండి.

ఓపీని ఆరుబయటికి తెచ్చేయండి

గాలి ద్వారా వచ్చే జబ్బుకు గాలే మందు. వేపచెట్టు కిందో, రెండు వైపులా తెరిచి ఉన్న వరండాలోనో కుర్చీలు వేయండి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను అక్కడే చూడండి, భవనంలోకి రానివ్వకండి. పరువు తక్కువని అనుకోకండి. గదిలోనే చూడాల్సి వస్తే ఎదురెదురు కిటికీలు తెరవండి. మందుల అట్టపెట్టెలతో మూసుకుపోయిన కిటికీ ఉంటే ఈ రోజే ఖాళీ చేయండి. ఫ్యాను గాలి మీ వైపు నుంచి రోగి వైపుగా, రోగి మీదుగా బయటికి పోయేట్టు కూర్చోండి.

2020లో మన ఊళ్లలో ట్రాక్టర్లు పెట్టి వీధుల్లో హైపోక్లోరైట్ చల్లారు. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఏకంగా వలస కూలీల మీదే చల్లారు. మనుషుల మీద చల్లవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది. ఆ ద్రావణం బల్లలు, మంచాలు, తలుపు గడియలు తుడవడానికి. 5 శాతం సీసా ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు కలిపితే 1 శాతం అవుతుంది. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. రోడ్డు మీద చల్లమని సర్పంచ్ ఒత్తిడి చేస్తే, ఆ డబ్బుతో సబ్‌సెంటర్‌కు రెండో కిటికీ పెట్టించమని అడగండి.

జ్వరమొస్తే డ్యూటీకి రాకండి

జ్వరంతో వచ్చి పనిచేసిన సిస్టర్‌ను పొగిడే అలవాటు మానుకోవాలి. ఆమె ఆ రోజు తిరిగిన ఇళ్లన్నిటికీ జబ్బు మోసి ఉండవచ్చు. సెలవు పెట్టండి. ఆశాకు సెలవు పెట్టడం తేలిక కాదు, చాలా చోట్ల పని చేస్తేనే పారితోషికం. కాబట్టి ఈ సలహా పాటించే స్తోమత అందరికంటే ఆమెకే తక్కువ. ఆ రోజుల పారితోషికం కోయకూడదన్న ఉత్తర్వు మహమ్మారి రాకముందే ఉండాలి. ఇది ప్రభుత్వం చేయాల్సిన పని.

మహమ్మారి పనిని నెత్తినెత్తుకోకండి

"అన్నీ పక్కన పెట్టి కరోనా చూడండి" అన్న ఆదేశం 2020లో అందరూ విన్నారు. ఈసారి ఆ ఆదేశం వస్తే అభ్యంతరం చెప్పండి. మన రెండు రాష్ట్రాల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఆ రెండు రోజులు ఎవరికీ ఇవ్వకండి. 2019లో దేశంలో డీపీటీ మొదటి డోసు కూడా పడని పిల్లలు దాదాపు 14 లక్షలు. 2020లో వాళ్ల సంఖ్య 30 లక్షలు దాటింది. టీబీ చూడండి. 2019లో 24 లక్షల మంది రోగులు నమోదయ్యారు, 2020లో 18 లక్షలు. ఆ ఆరు లక్షల మందికి జబ్బు నయమైపోలేదు. వాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు, వాళ్లూ మన దగ్గరికి రాలేకపోయారు. ఇంట్లోనే దగ్గుతూ, ఇంట్లోవాళ్లకు అంటిస్తూ ఉండిపోయారు.

రోజువారీ పనే మహమ్మారికి సిద్ధపడడం. బీపీ మాత్రలు నెలనెలా అందుతున్న, షుగరు అదుపులో ఉన్న మనిషి కొత్త జబ్బును తట్టుకునే అవకాశం ఎక్కువ. కరోనాలో ఎక్కువగా పోయింది షుగరు, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లే. కాబట్టి బీపీ మిషను పనిచేయడం లేదని, షుగరు స్ట్రిప్పులు అయిపోయాయని మీరు పెట్టే ఇండెంటు కూడా మహమ్మారి ఇండెంటే. ఆ పేరుతోనే పెట్టండి.

ఇంకొకటి, దీనికి డబ్బు అక్కర్లేదు. ఏ ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నాడు, ఏ ఇంట్లో ఒంటరి ముసలావిడ ఉంది, ఎవరికి ఎనిమిదో నెల, ఎవరి దగ్గర పల్స్ ఆక్సీమీటర్ ఉంది. ఇవి ఆశాకు నోటికొచ్చు. ఆమె తలలో ఉన్నదాన్ని కాగితం మీదికి తెచ్చి ఒక కాపీ సబ్‌సెంటర్‌లో పెట్టండి. ఆమె జబ్బు పడితే ఆ వీధులు ఎవరు చూడాలో ముందే అనుకోండి.

ఆర్‌ఎంపీని దూరం పెట్టకండి

ఈ సలహాకు డాక్టర్ల సంఘాలు నా మీద మండిపడతాయి. చదువు లేని వైద్యానికి నేనూ వ్యతిరేకినే. కానీ మన ఊళ్లలో రాత్రి పదింటికి జ్వరమొస్తే జనం తలుపు తట్టేది ఆర్‌ఎంపీదే. కొత్త జబ్బు తొలి పది మంది రోగులు మీ ఓపీ చీటీలో కనబడకముందు ఆయన దగ్గర కనబడతారు. ఆయన మీకు ఫోన్ చేయాలా, కేసు పెడతారని భయపడి దాచిపెట్టాలా అన్నది ఇప్పుడు మీరు ఆయనతో ఎలా ఉంటారన్న దాని మీద ఉంది.

ఆయనకు రెండే విషయాలు చెప్పండి. ఒకటి, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే తన దగ్గర ఒక్క గంట కూడా పెట్టుకోకూడదు. రెండు, డెక్సా అనే స్టెరాయిడ్. జ్వరం దిగుతుందని డెక్సా సూది వేయడం చాలా ఊళ్లలో పాత అలవాటు. ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగుల ప్రాణాలు ఆ మందు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ తేల్చింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దాని వల్ల లాభం లేదని అదే ట్రయల్ తేల్చింది. మొదటి సగం ఊళ్లకు చేరింది, రెండో సగం చేరలేదు. 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్‌తో కళ్లు, దవడలు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది షుగరు అదుపు తప్పి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లే. ఈసారి రెండో సగం కూడా ఆర్‌ఎంపీ చెవిన వేసే బాధ్యత మీది.

పోలీసును వెంట తీసుకెళ్లకండి

2020 ఏప్రిల్‌లో బెంగళూరులో సర్వేకు వెళ్లిన ఆశా మీద దాడి జరిగింది. దేశంలో అలాంటివి చాలా జరిగాయి. 1897 నాటి అంటురోగాల చట్టాన్ని ఆ నెలలోనే ఆర్డినెన్స్‌తో సవరించి, ఆరోగ్య సిబ్బందిపై దాడికి ఏడేళ్ల దాకా జైలు పెట్టారు. ఆ రక్షణ కావాల్సిందే, దాడి జరిగితే కేసు పెట్టాల్సిందే. అయినా తలుపు తట్టేటప్పుడు పక్కన కానిస్టేబుల్ ఉంటే లోపలివాళ్లు నిజం చెప్పరు. దగ్గును దాచుకుంటారు, మందు బిళ్ల వేసి జ్వరం దించుకుని బయటికొస్తారు. వెంట తీసుకెళ్లాలంటే ఆ వీధి డ్వాక్రా సంఘం లీడర్‌ను, అంగన్‌వాడీ టీచర్‌ను, గుడి పూజారిని, మసీదు ఇమామ్‌ను, చర్చి పాస్టర్‌ను తీసుకెళ్లండి.

ఇంటి గుమ్మానికి కాగితం అంటించమంటే రాతపూర్వక ఆదేశం అడగండి. తగిన అధికారి ఆదేశం ఉంటే తప్ప కరోనా రోగుల ఇళ్ల బయట పోస్టర్లు వేయకూడదని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో చెప్పింది. ఆ కాగితం చూసి పాలవాడు రాడు, పక్కింటివాళ్లు నీళ్లు పట్టుకోనివ్వరు. ఆ ఇంటి కష్టం చూసిన వీధిలోవాళ్లు తమ జ్వరం మీకు చెప్పరు.

నోటిమాట ఆర్డరు ఒప్పుకోకండి

ఇది అన్నిటికంటే ముఖ్యమని ఆశాలకు చెబుతున్నాను. "రేపటి నుంచి చెక్‌పోస్టు దగ్గర నువ్వు" అని ఫోన్ వస్తే, "సరే సార్, వాట్సాప్‌లో రాసి పంపండి" అనండి. వినయంగా అనండి, గట్టిగా అనండి. 2020 మార్చిలో కేంద్రం ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించింది, అందులో ఆశాలనూ చేర్చింది. ఆ డబ్బు కుటుంబానికి రావాలంటే పోయిన మనిషి కరోనా డ్యూటీలో ఉన్నట్టు, రోగులకు దగ్గరగా మెలిగే పని చేసినట్టు ఆఫీసు సర్టిఫికెట్, పాజిటివ్ రిపోర్టు కావాల్సి వచ్చేవి. నోటిమాట మీద నెలల తరబడి పనిచేసిన మనిషి పోతే ఆ సర్టిఫికెట్ కోసం ఇంట్లోవాళ్లు ఎవరి కాళ్లు పట్టుకోవాలి? మీ డ్యూటీ ఆర్డర్లు, తిరిగిన ఇళ్ల జాబితా, పరీక్షల కాగితాలు ఒక కవరులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.

సరుకు చాలకపోతే చాలలేదని రాయండి. ఒక్కరే మాట్లాడకండి. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టర్ సుధాకర్ మాస్కులు, కిట్లు చాలడం లేదని బహిరంగంగా అన్నారు. ఆయనను సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద చేతులు వెనక్కి కట్టి పోలీసులు ఆయనను తీసుకెళ్లిన వీడియో రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో చనిపోయారు. మాస్కు లేదన్న మాట ఒక డాక్టర్‌ను ఎక్కడికి తీసుకెళ్లిందో చూసిన ఆశా నోరు విప్పుతుందా? అందుకే పీహెచ్‌సీలో అందరూ కలిసి, తేదీ వేసి, ఎన్ని అడిగారో ఎన్ని వచ్చాయో అంకెలతో రాసి, అందరి సంతకాలతో పంపండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. తగిన రక్షణ లేకుండా రోగి గదిలోకి వెళ్లనని చెప్పడం పిరికితనమనో, ధిక్కారమనో ఎవరన్నా నమ్మకండి.

కరోనా పనికి ఆశాలకు కేంద్రం ఇచ్చిన అదనపు పారితోషికం నెలకు వెయ్యి రూపాయలు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల మంది ఆశాలకు కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అవార్డు తీసుకోండి, గర్వపడండి, గోడకు పెట్టుకోండి. వేతనం, పీఎఫ్, సెలవు, బీమా అడగడం మాత్రం ఆపకండి. రేపు ఊళ్లో కొత్త జబ్బు పడితే మళ్లీ మొదట పంపేది మిమ్మల్నే కాబట్టి, ఇవి అడగడం కూడా ఆ ఊరి రక్షణ గురించి అడగడమే.

మాక్ డ్రిల్ చెప్పి పెట్టకండి

2022 డిసెంబర్ 27న, మళ్లీ 2023 ఏప్రిల్ 10, 11 తేదీల్లో దేశమంతా ఆసుపత్రుల్లో మాక్ డ్రిల్ జరిగింది. పడకలు, ఆక్సిజన్ ప్లాంట్లు, వెంటిలేటర్లు చూశారు. అది అవసరమే. పీహెచ్‌సీకి కావాల్సిన డ్రిల్ వేరు. ముందు చెప్పకుండా, డాక్టర్ సెలవులో ఉన్న రోజు, కరెంటు లేని సమయంలో, సాయంత్రం ఐదింటికి పెట్టండి. దగ్గు, ఆయాసం ఉన్న విదేశీ ప్రయాణికుడిగా ఒకరిని పంపించండి. మాస్కు ఎన్ని నిమిషాల్లో చేతికొచ్చింది, స్టోరు తాళం ఎవరి దగ్గరుంది, ఫోన్ ఎవరికి చేయాలో తెలుసా, 108 వచ్చేదాకా ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టారు, కిట్టు విప్పేటప్పుడు ఎదురుగా ఎవరైనా నిలబడ్డారా. తప్పులు జరుగుతాయి. వాటి మీద ఎవరికీ మెమో ఇవ్వకండి. మెమో ఇచ్చిన మరుసటి డ్రిల్ నుంచి అంతా నాటకమైపోతుంది.

ఆరోగ్య శాఖతో సంబంధం లేని పాఠకులకు ఒక మనవి. ఈ బుధవారం మీ సబ్‌సెంటర్‌లో టీకాలు వేస్తున్నప్పుడు ఒకసారి వెళ్లండి. ఏఎన్‌ఎం పేరు, మీ వీధి ఆశా పేరు అడిగి, వాళ్ల నంబర్లు ఫోన్‌లో వేసుకోండి. అక్కడ కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో, కిటికీలు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. రాకపోతే, తెరుచుకోకపోతే వచ్చే గ్రామసభలో లేచి అడగండి. వాళ్ల తరఫున మీరు అడిగితే ఎవరూ మిమ్మల్ని సస్పెండ్ చేయలేరు.